పచ్చికలో పరిచిన కోట వాకిలి

ఇంగ్లీషువాళ్ల కోటను కళ్లతో చూడకముందే రాధారాణి దాన్ని కొన్ని వందలసార్లు గీసి ఉంటుంది. గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో చరిత్ర చెప్పిన రోజుల్లో ప్రతి ఏడూ వానలు మొదలయ్యేసరికి ఆ పాఠం వచ్చేది. నల్లబల్ల మీద బోర్లించిన గిన్నెలా ఒక మట్టి దిబ్బ, దాని నెత్తిన కొయ్య బురుజు, కింద చుట్టూ కందకం. సముద్రం దాటి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచి, ఊళ్ల మీద ఇలాంటి దిబ్బలు పోయించారనీ, తర్వాత తర్వాత కొయ్య పోయి రాయి వచ్చిందనీ చెప్పేది. వాకిలి గీసేటప్పుడు మాత్రం సుద్దముక్క కాస్త తడబడేది. పైనుంచి సర్రున దిగే ఇనప చట్రం తలుపు ఒకటి ఉంటుంది. అది దేన్ని పట్టుకుని దిగుతుంది? రాతిలో గాడి ఉంటుందని పుస్తకంలో రాసి ఉంది. ఆ గాడి బొమ్మ మాత్రం లేదు.

"మన కొండవీడంత ఉంటుందా మేడం?" అని వెనక బెంచీ పిల్ల ఒకతి అడిగింది ఓసారి.

"కొండవీడు ముందు ఇది గంప కింద కోడిపెట్ట," అంది రాధారాణి. క్లాసంతా నవ్వింది. అది ఎంత ఉంటుందో నిజానికి ఆమెకూ తెలియదు.

పెళ్లయి, భర్త డాక్టర్ శ్యామ్‌సుందర్‌తో అమెరికా వచ్చాక ఆ పాఠంతో పనిలేకపోయింది. వర్జీనియాలో షాంటిలీ అనే ఊళ్లో ఇల్లు కొన్నారు. అప్పటికి అక్కడ ఇళ్లకన్నా మొక్కజొన్న చేలే ఎక్కువ. ఇక్కడి స్కూళ్లలో చెప్పాలంటే మళ్లీ మొదటినుంచి చదవాలన్నారు. ఈలోగా కూతురు జయంతి పుట్టింది. రాధారాణి డ్రైవింగ్ నేర్చుకుంది, మంచులో కారు అద్దం గీకడం నేర్చుకుంది. పార్టీల్లో ఎవరైనా "మీరేం చేసేవారండీ?" అంటే మొదట్లో "లెక్చరర్‌ని" అనేది, తర్వాత "టీచ్ చేసేదాన్ని" అంది, ఆ తర్వాత నవ్వి ఊరుకోవడం మొదలుపెట్టింది.

శ్యామ్‌సుందర్ దగ్గరికి హేజెల్ ట్రాస్క్ అని ఒక పేషెంటు వచ్చేది. పెళ్లి చేసుకోలేదు, అరవై దాటింది, ఇంకా పడమటివైపు పొలంలో ఒంటరిగా ఆవుల్ని మేపుకుంటూ ఉండేది. వచ్చినప్పుడల్లా డాక్టరుకి గుడ్లో గుమ్మడికాయో తెచ్చేది. 1979లో, ఆకులు రంగు మారే రోజుల్లో, క్లినిక్‌లో రాధారాణి ఎదురుపడింది.

"మీ ఆయన చెప్పాడు, మీరు ఇండియాలో చరిత్ర చెప్పేవారటగా. ఎవరి చరిత్ర?"

"ఎక్కువగా ఇంగ్లండుది. రాజులు, కోటలు..."

హేజెల్ ఆమెను కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది. "కోట కావాలా మీకు? నా పచ్చికలో ఒకటుంది. వచ్చి తీసుకుపోండి, పుణ్యముంటుంది."

వేళాకోళం అనుకుంది రాధారాణి. అయినా ఆదివారం జయంతిని వెంటబెట్టుకుని వెళ్లింది.

కంచె దాటి వాగువైపు దిగితే, అడవి తీగల కింద చెక్కిన రాళ్లు కనిపించాయి. ఒకటీ రెండూ కాదు, మేత మేసే మంద ఉన్నట్టుండి పడుకుండిపోయినట్టు పచ్చిక పొడుగునా పడి ఉన్నాయి. తేనెరంగు సున్నపురాయి. ఓ ఆవు వాటిలో ఒకదానికి మెడ రుద్దుకుంటోంది.

"మా నాన్న 1926లో గుర్రం కొనడానికి ఇంగ్లండు వెళ్లాడు," అంది హేజెల్. "కోట వాకిలి కొనుక్కొచ్చాడు. ఎల్డర్‌థోర్ప్ అని ఒక పల్లెటూరు. అక్కడి భూస్వామి దివాలా తీసి, మిగిలిన ఆ ఒక్క వాకిలినీ అమ్ముకున్నాడు. రాయి రాయీ విప్పి, నంబర్లు వేసి, పెట్టెల్లో పెట్టి ఓడెక్కించారు. ఇక్కడ మా ఇంటిముందు నిలబెట్టాలని నాన్న కోరిక. కట్టేవాడు రాకముందే షేర్ మార్కెట్టు కూలింది. ముందు గుర్రాలు పోయాయి, తర్వాత సగం పొలం పోయింది. ఈ రాళ్లు మా అమ్మ పియానోని కూడా తినేశాయి. నాన్న మాత్రం ప్రతి ఆదివారం వచ్చి వీటి మధ్య తిరిగేవాడు. మాకు వీటిని చూస్తే సిగ్గు."

రాధారాణి వినడం మానేసింది. పొడవుగా పడి ఉన్న ఒక రాయి పక్కన మోకాళ్ల మీద కూచుని, తీగలు పీకి, నాచు గోకుతోంది. రాయి పక్క భాగంలో జానెడు లోతున, తిన్నగా, నున్నగా ఒక గాడి.

"అది ఓడలో దెబ్బ తిన్నది," అంది హేజెల్.

"కాదు," అంది రాధారాణి. చెయ్యి గాడిలో పెట్టి పైకీ కిందకీ జరిపింది. "తలుపు దిగేది ఇందులోనే. దీనికి ఎదురుగా ఇంకోటి ఉండాలి."

హేజెల్ వెనక్కి తిరిగి కొట్టాలవైపు చూసింది. తర్వాత, "ఇంకోటి నా పాలపాక ముందు మెట్టుగా ఉంది," అంది.

ఇంటికి వస్తుంటే కారులో జయంతి అడిగింది, "అమ్మా, యూ వర్ క్రయింగ్. ఎందుకు ఏడ్చావు, రాక్ చూసి?"

"ఏడవలేదురా. చాలా రోజులుగా తెలియంది ఒకటి తెలిసింది."

అలా మొదలైంది. ఎండాకాలం వస్తే శని, ఆదివారాలు రాధారాణి ఆ పచ్చికలోనే ఉండేది. రాళ్లమీద రంగుతో వేసిన నంబర్లు సగం కొట్టుకుపోయాయి. హేజెల్ మొదట్లో వరండాలో కూచుని చూసేది. ఓ రోజు ఉండబట్టలేక దిగివచ్చింది. "అది అక్కడిది కాదు. అది ఆ మూల దింపిన పెట్టెలోది. చిన్నప్పుడు దానిమీద నుంచే దూకేవాళ్లం." పదకొండేళ్ల పిల్లప్పుడు ఏ పెట్టె ఎక్కడ దింపారో, ఏ రాయి కింద పాము కనబడిందో, అన్నీ ఆమెకు గుర్తున్నాయి. ఆ రాళ్లంటే సిగ్గన్న మనిషే ఒక్కోదాన్ని పేరు పెట్టి పిలిచేది.

వాకిలిని నిలబెట్టడం వాళ్ల తరం కాదు. అందుకని పచ్చిక మీద పడుకోబెట్టి పరుద్దామనుకున్నారు. రాధారాణికి తెలిసిన జగదీష్ అని రోడ్ల డిపార్ట్‌మెంట్‌లో ఇంజనీరు ఒకాయన ఉండేవాడు. ఆయన దుంగలు, గునపాలు పట్టుకొచ్చాడు. హేజెల్ ట్రాక్టరు నడిపింది. రెండో ఏడు చివరికి కమాను ఆకారం తేలింది. అటూ ఇటూ గాడి రాళ్లు, పైన బాణాలు వేసే సన్నటి సందు. చూస్తే ఎవరో పెద్ద తలుపును ఊడదీసి గడ్డిమీద ఆరబెట్టినట్టు ఉండేది.

ఓ జూలైలో తెలుగువాళ్లంతా అక్కడికే పిక్నిక్‌కి వచ్చారు. పులిహోర, పెరుగన్నం, కూలర్ల నిండా కోకులు. పిల్లలు పడుకున్న కమాను కిందనుంచి, అంటే మధ్యనుంచి, పరుగులు పెట్టారు.

"ఏం రాధారాణి గారూ, మా గోల్కొండ ముందు ఇదెంతండీ?" అన్నాడు ఒకాయన.

"మీ గోల్కొండని ఎవరూ పెట్టెల్లో పెట్టి అమ్మలేరు కదండీ," అంది ఆమె.

శ్యామ్‌సుందర్ అందరిముందూ నవ్వాడు గాని, ఇంటికొచ్చాక అడగనే అడిగాడు. "రాధా, నాకు అర్థం కాక అడుగుతున్నా. ఎవరో దొర, ఎప్పుడో కట్టించుకున్న కోట. ఆ దొరలు మనల్ని ఏలింది చాల్లేదా? వాళ్ల రాళ్లు నువ్వెందుకు మోస్తున్నావు? చేతులు చూసుకో ఒకసారి."

ఆమె చేతులు చూసుకుంది. కాయలు కాశాయి. "అది అలా పడి ఉంటే చూడలేకపోయానండీ," అని మాత్రం అనగలిగింది. అది పూర్తి జవాబు కాదని ఆమెకే తెలుసు. ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది. ఏడేళ్లు రాజుల పేర్లూ యుద్ధాల తేదీలూ కంఠతా పట్టించిన తనకు, ఆ కోట ఎవరి మీద నిలబడిందో ఆలోచించాలని ఎప్పుడూ తట్టలేదు.

ఎల్డర్‌థోర్ప్ చర్చికి ఆమె ఉత్తరం రాసింది. అక్కడి బడిలో పంతులుగా చేసి రిటైరైన ఫ్లెచర్ అనే ఆయన జవాబిచ్చాడు. వాకిలిని కంకర కొట్టి రోడ్డుకి వేశారని ఊళ్లో అందరూ అనుకుంటున్నారనీ, తన కూతురు బాల్టిమోర్‌లో ఉంటుందనీ, వచ్చినప్పుడు చూస్తాననీ రాశాడు. 1983 వసంతంలో నిజంగానే వచ్చాడు. పొడుగ్గా, వంగి, చేతికర్రతో ఉన్నాడు. పచ్చికలోకి దిగగానే టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. పరిచిన వాకిలి చుట్టూ ఓ ప్రదక్షిణంలా తిరిగి, గాడిలో అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"ఇంత చిన్నదా!" అన్నాడు చివరికి. "చిన్నప్పుడు తలెత్తి చూస్తే ఆకాశమంత ఉండేది."

హేజెల్ కాఫీ తెచ్చింది. ముగ్గురూ రాళ్లమీదే కూచున్నారు. ఆయన పాఠం చెప్పినట్టు కాకుండా, ఇంట్లో సంగతి చెప్పినట్టు చెప్పుకొచ్చాడు.

"కోట రాకముందు ఆ చోట మా వాళ్ల ఇళ్లే ఉండేవట. వాటిని పడగొట్టి, వాళ్లచేతే కందకం తవ్వించి, ఆ మట్టితోనే దిబ్బ పోయించారు. మనవల కాలానికి రాళ్లు మోయించారు. సగం దారిలో ఎవడైనా కూలబడితే ఇంకోడు. తర్వాత ఆ కోట ప్రభువు ఒకడు రాజు మీద తిరగబడి ఓడిపోయాడు. కోటను పడగొట్టమని రాజు హుకుం. మీరు నమ్మరు, చుట్టుపక్కల నాలుగూళ్ల జనం బళ్లు కట్టుకుని జాతరకొచ్చినట్టు వచ్చారట. ఎవరికి కావలసిన రాయి వాళ్లు తీసుకుపోయారు. మా చర్చి గోడలో ఆ రాళ్లే. వాగుమీద వంతెనా అదే. మా వంటింటి గడప కూడా."

"మరి వాకిలెందుకు వదిలేశారు?" అంది రాధారాణి.

"జనం చూసి బుద్ధి తెచ్చుకోవాలని రాజు మనుషులే ఉంచమన్నారని మా తాత అనేవాడు. నిజమో కాదో నాకు తెలియదు. దానిముందే ఉరి తీసేవాళ్లని కూడా అనేవాడు. అందుకే ఇంటికి తీసుకుపోవడానికి ఎవరికీ మనసొప్పి ఉండదు."

"ఇప్పుడు ఇస్తే తీసుకుపోతారా మీ ఊరివాళ్లు?" అంది హేజెల్. ఆ గొంతులో ఆశ ఉందో భయం ఉందో చెప్పడం కష్టం.

ఫ్లెచర్ కాస్త ఇబ్బందిగా నవ్వాడు. "వాకిలి ఉన్నచోట ఇప్పుడు బస్సు కోసం నిలబడే షెడ్డు ఉందమ్మా. మా వాళ్లకి వానలో ఆ షెడ్డే కావాలి. దిబ్బ ఉంది, చాలు. మంచు పడితే పిల్లలు దాని మీదనుంచి జారతారు."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర రాధారాణి ఇదంతా చెబితే శ్యామ్‌సుందర్ పప్పు కలుపుతున్న చెయ్యి ఆపాడు. "వాళ్ల వంటింటి గడపా!" అన్నాడు. మళ్లీ ఆ రాళ్లు ఎందుకు మోస్తున్నావని అడగలేదు. మరుసటి శనివారం తనే గ్లవ్స్ కొనుక్కొచ్చి, ఒక జత ఆమెకిచ్చి, ఇంకో జత తను తొడుక్కున్నాడు.

1985 ఎండాకాలంలో హేజెల్ పాలపాకలో జారిపడింది. తుంటి విరిగింది. ఆపరేషన్ అయ్యాక నర్సింగ్ హోమ్‌కి మార్చారు. ఇక ఒంటరిగా పొలంలో ఉండే మాట లేదు. రిచ్‌మండ్ నుంచి ఆమె మేనల్లుడు డేల్ వచ్చి, ఆమె చేత సంతకాలు పెట్టించి పొలాన్ని ఇళ్లు కట్టే కంపెనీకి అమ్మాడు. కంపెనీవాళ్లకు వాకిలి సంగతి తెలిసింది. కమాను పైభాగం మాత్రం తీసుకుని కాలనీ ముందు పేరు బోర్డుకి అలంకారంగా పెడతామన్నారు. మిగతాది కంకర కొట్టి రోడ్డుకి వాడతారట.

మన జిల్లాబోర్డులాంటి కౌంటీ బోర్డు మీటింగ్‌లో ఎవరైనా మాట్లాడవచ్చని జగదీష్ చెప్పాడు. రాధారాణి గంజిపెట్టిన కాటన్ చీర కట్టుకుని వెళ్లింది. మైకును తన ఎత్తుకి కిందికి వంచుకుంది.

"నాకు ఈ రాళ్లతో చుట్టరికం ఏమీ లేదు," అని మొదలుపెట్టింది. "ఇవి నా దేశానివి కావు, మీ దేశానివీ కావు. వీటిని కోరికతో కొన్నాయన కట్టలేకపోయాడు. కట్టినవాళ్లు కోరి కట్టలేదు. అయినా మనుషుల చేతులు పడ్డ వస్తువు. కంకర కొట్టేముందు ఒక్కసారి వచ్చి చూడమని అడుగుతున్నాను." గాడి రాళ్ల గురించి చెప్పింది, దిగే తలుపు గురించి చెప్పింది. ఎర్ర లైటు వెలిగి టైం అయిందని చెప్పేదాకా చెప్పింది.

బోర్డువాళ్లు మర్యాదగా విన్నారు. కౌంటీకి అన్ని రాళ్లు పెట్టే చోటు లేదన్నారు. రెండు గాడి రాళ్లను మాత్రం లైబ్రరీ తోటలో పెట్టిస్తామన్నారు. మిగతావి యజమాని ఇష్టం. కాలనీ పేరు బోర్డుకి కమాను వాడొద్దని చెప్పే హక్కు తమకు లేదన్నారు.

బయట వరండాలో డేల్ కలిశాడు. చెడ్డవాడేం కాదు. "నాకు నిలవ పెట్టే స్థలం లేదండీ," అన్నాడు. "కంపెనీవాళ్లతో మాట్లాడాను. వాళ్లకి కమాను మీద అంత పట్టింపు లేదు. నవంబర్ చివర్లో మిషన్లు దిగుతాయి. ఈలోపల మీరు ఎంత తీసుకెళ్లగలిగితే అంత తీసుకెళ్లండి. ఎవరూ అడ్డుపడరు."

ఎంత తీసుకెళ్లగలదు? ఎక్కడికి? ఇన్నేళ్లూ ఒక్కోటీ వెతికి, జతచేసి, ఒక్కచోట చేర్చింది. దాన్ని కలిపి ఉంచగలిగే చోటు ఆమె ఎరిగినంతలో ఎక్కడా లేదు. ఇంటికి వస్తుంటే, కారు నడుపుతున్న జగదీష్ ఏదో గోడౌన్ గురించి చెబుతున్నాడు. రోడ్డు పక్కన కొత్తగా లేస్తున్న ఇళ్ల చెక్క చట్రాలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి.

"జగదీష్ గారూ," అంది ఉన్నట్టుండి, "మన తెలుగు సంఘంలో పికప్ ట్రక్కులు ఎవరెవరికున్నాయి?"

"ఎందుకండీ?"

"పంచిపెట్టేద్దాం."

ఆయన వింతగా చూశాడు. "ఇంత కష్టపడి కలిపింది మీరే కదండీ?"

"అవునండీ. కలిపి ఉంచాలనుకుంటే కంకరైపోతుంది. విడిపోతే ఏదో ఒక ఇంట్లో రాయి రాయిగా ఉంటుంది."

ఫోన్లు చేసింది. తెలుగువాళ్లకి, హేజెల్ వెళ్లే చర్చివాళ్లకి, చుట్టుపక్కల రైతులకి. శనివారం పొద్దున్నే పచ్చిక గట్టున ట్రక్కులు బారులు తీరాయి. పదిహేనేళ్ల జయంతి, ఎవరు ఏ రాయి ఎత్తితే వాళ్ల దగ్గరికి పరిగెత్తి చెప్పేది, "అంకుల్, ఇది ఆర్చ్‌లో లెఫ్ట్ సైడ్ది. ఇటు పైకి పెట్టాలి, ఓకే?" చర్చివాళ్లు గుమ్మం ముందుకి రెండు తీసుకున్నారు. ఒక రైతు ఆవుల ఉప్పు పెట్టుకోవడానికి ఒకటి ఎత్తించుకున్నాడు. హెర్న్‌డన్‌లో ఉండే ఆండాళ్ గారు మడి చీరలాంటి చీర దోపుకుని వచ్చి, చదరపు రాయి ఒకదాన్ని ఎంచుకుంది.

"దేనికండీ, మామీ?" అన్నాడు జగదీష్.

"తులసికోటకి. ప్లాస్టిక్ బకెట్లో పెట్టి పూజ చెయ్యలేక చస్తున్నా."

"కోట రాయితో తులసికోట!" అని ఆయన అంటే అక్కడున్న తెలుగువాళ్లంతా గొల్లుమన్నారు. ఎందుకు నవ్వుతున్నారో చర్చివాళ్లకి చెప్పడానికి శ్యామ్‌సుందర్ నానా తంటాలు పడ్డాడు.

సాయంత్రానికి పచ్చిక మీద రాళ్లు ఉన్నచోటల్లా పాలిపోయిన గడ్డి మిగిలింది. వాకిలి ఆకారం ఆ గడ్డిలో స్పష్టంగా కనిపించింది. రాధారాణి దాని పక్కన కాసేపు నిలబడింది. అందరూ వెళ్లాక, కాఫీ ఫ్లాస్కులు కారులో సర్దుతుంటే ఏడుపొచ్చింది. ఈసారి కాదనలేదు.

హేజెల్‌కి చెప్పడమే ఆమెకు అన్నిటికన్నా భయం. మర్నాడు నర్సింగ్ హోమ్‌కి వెళ్లింది. హేజెల్ కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో ఉంది. ఒక్కో రాయీ ఎక్కడికి పోయిందో రాధారాణి చెబుతుంటే కళ్లు మూసుకుని వింది. నిద్రపోయిందేమో అనిపించింది.

"అరవై ఏళ్లు," అంది హేజెల్ కళ్లు తెరవకుండానే. "అరవై ఏళ్లకి మా నాన్న సరుకు దిగింది." తర్వాత భుజాలు కదిలాయి. నవ్వుతోంది. "మరి నువ్వేం తెచ్చుకున్నావు, రాణీ?"

రాధారాణి ఖాళీ చేతులు చూపించింది. పంచే సందడిలో తనకంటూ ఒకటి ఉంచుకోవాలని తోచనేలేదు.

"తెలివితక్కువదానా," అంది హేజెల్, ఆమె చెయ్యి పట్టుకుని. "సరే. ఎండ రానీ. నన్ను తీసుకెళ్లి అన్నిటినీ చూపించాలి నువ్వు."

మే నెలలో శ్యామ్‌సుందర్ కారు వెనక చక్రాల కుర్చీ మడిచి పెట్టాడు. రాధారాణి డ్రైవ్ చేసింది. చర్చి ముందు ఆగారు. రైతు కొట్టం దగ్గర ఆగారు. లైబ్రరీ తోటలో గాడి రాళ్ల మధ్య ఇద్దరు పిల్లలు చెక్కముక్కను జారవిడుస్తుంటే కాసేపు చూస్తూ ఉండిపోయారు. హెర్న్‌డన్‌లో ఆండాళ్ గారు వెనక పెరట్లోకి తీసుకెళ్లింది. రాతికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉంది. పైన తులసి గుబురుగా పెరిగింది.

హేజెల్ రాతిని తడిమి, బొట్టును వేలితో ముట్టుకుని, అడిగింది. "దీనిమీద నుంచేనా మేము చిన్నప్పుడు దూకింది?"

"అదే అయ్యుండాలి," అంది రాధారాణి.

ఆండాళ్ గారు రెండు దళాలు కోసి హేజెల్ అరచేతిలో పెట్టింది. ఏం చెయ్యాలో తెలియక ఆమె రాధారాణి వైపు చూసింది. నోట్లో వేసుకొమ్మని సైగ చేసింది రాధారాణి. హేజెల్ నెమ్మదిగా నమిలింది.

"కారంగా ఉంది," అంది. మళ్లీ చెయ్యి చాపింది.